పోతుతీగలకు షోకాజ్ నోటీసు

గుండ్లసాగరం ప్రభుత్వ తీగకూరల క్షేత్రానికి కొత్త డైరెక్టరు వస్తున్నాడని తెలియగానే సిబ్బంది అంతా ఆరాల్లో పడ్డారు. ఏ ఊరు, ఎవరి తాలూకు, టీలో చక్కెర ఎన్ని చెంచాలు అని. కొంరవ్వ మాత్రం ఒక్కటే అడిగింది.

"ఇంతకు మునుపు ఏం పండిచ్చిండట?"

"గుడ్లు," అన్నాడు సూపరింటెండెంటు ఖాజా సాబ్, తలెత్తకుండా.

సరే అనుకుంది కొంరవ్వ. గుడ్లు పండించినాయన తీగలు పండించకూడదని ఎక్కడా రాసి లేదు కదా.

ఆ క్షేత్రంలో ఆమె ఇరవై రెండేళ్లుగా దినకూలీ. ఆమెను పర్మినెంటు చేయాలన్న ఫైలు పద్నాలుగేళ్లుగా డైరెక్టరు టేబుల్ మీదే ఉంది. డైరెక్టర్లు మారుతుంటారు, ఫైలు మారదు. ఒకాయన దాని మీద టీకప్పు పెట్టుకునేవాడు, ఇంకొకాయన కిటికీ కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాడు. ఈ ఏడు పంట బాగా వస్తే కొత్త సారుతో సంతకం పెట్టిస్తానని ఖాజా సాబ్ మాటిచ్చాడు. మాటివ్వడం ఆయనకు అలవాటు లేదు. అందుకే కొంరవ్వ నమ్మింది.

పంటంటే అక్కడ బోడకాకర. ఆరువందల అరవై తీగలు, ఒక్కో తీగకు ఒక్కో రేకు పలక, పలక మీద నంబరు. వానాకాలం తీగ పాకుతుంది, కార్తీకం దాటితే ఎండిపోతుంది, గడ్డ మాత్రం భూమిలో పడుకుని మళ్లీ వానల దాకా నిద్రపోతుంది. వీటిలో ఆరువందలు పెంటితీగలు, అరవై పోతుతీగలు. పెంటితీగ పువ్వు కింద చిన్న ముళ్ల బుడిపె ఉంటుంది. పోతుపువ్వు కింద ఏమీ ఉండదు, ఉత్త కాడ. పోతుపువ్వు పుప్పొడి పెంటిపువ్వు నడిమధ్యన అంటితేనే ఆ బుడిపె ఊరి కాయవుతుంది. అంటకపోతే పసుపుపచ్చబారి రాలిపోతుంది. ఆ అంటించే పని సగం పురుగులు చేసేవి. మిగతా సగం కొంరవ్వ చేసేది. పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ముసలి తోటమాలి నేర్పించాడు. తెల్లారకముందే ఒక పోతుపువ్వు తెంపి, రేకలు వెనక్కి మడిచి, నాలుగైదు పెంటిపూలకు మెల్లగా తాకించి, ఇంకోటి తెంపేది. ఈ పని చేయమని ఆమెకు ఎవరూ ఆర్డరివ్వలేదు, చేసినట్టు ఏ రిజిస్టరులోనూ లేదు.

కొత్త డైరెక్టరు డాక్టర్ ప్రభంజన్ రావు ఎండాకాలం నడిమధ్యన వచ్చాడు. వచ్చిన మూడోరోజే సిబ్బందిని పందిరి కింద నిలబెట్టి తన విజయగాథ చెప్పాడు.

"కోడిగుడ్ల సంస్థలో నేను చేరిన రోజున నాలుగువందల పుంజులున్నాయి. దాణా తింటున్నాయి, కూస్తున్నాయి. ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టింది లేదు. ఆరునెలల్లో అన్నిటినీ సాగనంపాను. గుడ్లు తగ్గాయా? ఒక్కటి కూడా తగ్గలేదు. దాణా మిగిలింది. పొద్దున్నే నిద్ర కూడా మిగిలింది. సంస్థకు పతకం వచ్చింది. అర్థమవుతోందా?"

అందరికీ అర్థమైనట్టు తలలూపారు. అర్థం కాకపోవడం అప్పటికింకా ఎవరికీ అవసరం కాలేదు.

ఆ తర్వాత ఆయన దిగుబడి రిజిస్టరు తెరిపించాడు. నంబరు పక్కన కిలోలు, నంబరు పక్కన కిలోలు. వేలు పెట్టి చూసుకుంటూ పోతున్నవాడు పదకొండో నంబరు దగ్గర ఆగాడు. సున్న. ఇరవై రెండు, సున్న. ముప్ఫై మూడు, సున్న.

"ఈ అరవై మంది ఎవరు?" అన్నాడు, దొంగలముఠా దొరికినట్టు.

"అవి పోతుతీగలు సారూ," అంది కొంరవ్వ ముందుకొచ్చి. "వాటికి కాయ కాయది. కాయ కాయించేటివి అవే."

"కాయనివాళ్లంతా చెప్పేది ఇదే. మేం కాయం, కాయిస్తాం అంటారు. నా సర్వీసులో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను."

"అట్ల గాదు సారూ. పోతు లేకుంటే పెంటి కాయది."

"పుంజు లేకుండా పెట్ట గుడ్డు పెట్టలేదా?"

"పెడ్తది సారూ. గాని ఆ గుడ్డు పొదిగితే పిల్ల గాదు గద."

ప్రభంజన్ రావు చిరునవ్వు నవ్వాడు. "చూడమ్మా, మనం జనానికి ఇవ్వాల్సింది కూర. పిల్లలు ఎవరడిగారు?"

సిబ్బంది నవ్వారు. డైరెక్టరు చమత్కరించినప్పుడు నవ్వకపోవడం ఏ సెక్షను కిందికొస్తుందో వాళ్లకు తెలియదు గానీ, వస్తుందని మాత్రం తెలుసు.

తీసేయడానికి ఆర్డరు టైపు కాబోతుంటే ఖాజా సాబ్ గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన ఎవరికీ మేలు చేయలేదు, కీడూ చేయలేదు, రూలు చేశాడు. "సాబ్, సర్వీసుల నుంచి తొలగించే ముందు సంజాయిషీ అడగాలె. లేకుంటే రేపు కోర్టుల నిలవది."

"తీగలు కోర్టుకు పోతాయా?"

"పోతయని నేననలే సాబ్. పోతే నిలవదంటున్న."

డైరెక్టరుకు ఆ తర్కం నచ్చింది. అరవై నోటీసులు తయారయ్యాయి. "తమరు గత మూడు సంవత్సరములుగా క్షేత్రపు నీరు, ఎరువు, పందిరి సౌకర్యములను అనుభవించుచు ఒక్క కాయయు సమర్పించియుండలేదు. తమను ఏల తొలగించరాదో ఇది అందిన పదిహేను దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను" అని ప్రతి పలక మీదా కొంరవ్వ చేతే మైదా జిగురుతో అంటింపజేశారు. తీగలు అప్పటికి ఎండిపోయి, గడ్డలు భూమిలో నిద్రపోతున్నాయి. ఏడు నోటీసుల్ని మేక తిన్నది. ఏడింటికీ డూప్లికేట్లు జారీ అయ్యాయి. నోటీసు ముట్టినట్టు సంతకం కావాలంటే, తీగల తరఫున కొంరవ్వే అరవైసార్లు వేలిముద్ర వేసింది. పదిహేను రోజులు గడిచాయి. ఒక్క తీగా జవాబివ్వలేదు.

"అహంకారం," అన్నాడు ప్రభంజన్ రావు.

గడ్డలు తవ్వి ధ్వంసం చేసే పని కూడా కొంరవ్వ మీదే పడింది, ఏ గడ్డ ఎక్కడుందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి.  అవన్నీ ఆమె చేతుల మీద పెరిగినవే. మామూలుగా తల్చుకుంటే నంబర్లు గుర్తుకు రావు గానీ, సంచిలో వేస్తుంటే ఒక్కోదాని నంబరు నోటికొచ్చింది. "అన్నియు నా సమక్షమున ధ్వంసము చేయబడినవి" అన్న కాగితం మీద వేలిముద్ర వేసి, రెండు సంచులూ సైకిలు మీద పెట్టుకుని, మైలు దూరంలో ఉన్న తన ఇంటికి తీసుకుపోయింది. దడి పొడుగునా పాతిపెట్టింది. దొరికితే దొంగ సాక్ష్యం, సర్కారు సొమ్ము దొంగతనం, రెండూ మెడకు చుట్టుకుంటాయి. ఫైలు సంగతి సరే, కూలీ కూడా పోతుంది. ఆ భయంతో ఆమెకు వారం రోజులు అన్నం సయించలేదు.

వానలు పడ్డాయి. పందిరి మీద ఆరువందల పెంటితీగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పాకాయి. పసుపుపచ్చని పూలు పూశాయి. ప్రతి పువ్వు కిందా ముళ్ల బుడిపె. డైరెక్టరు ఫొటోలు తీయించి పైకి పంపాడు. నాలుగురోజులకు బుడిపెలన్నీ పండుబారి, చిన్న గాలికే జలజలా రాలాయి. మళ్లీ పూశాయి. మళ్లీ రాలాయి. పందిరి కింద నడుస్తుంటే చెప్పుల కింద చిటచిట.

విచారణ సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు, సభ్యుడు, సాక్షి ప్రభంజన్ రావే. మొదటి విడత విచారణలో తేలిందేమిటంటే, అరవై పోతుతీగల తొలగింపుతో మిగతా తీగలు సానుభూతి సమ్మెకు దిగాయని. రెండో విడతలో విశ్వవిద్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పోతుతీగ లేనిదే కాయ రాదు అని అందులో రెండు వాక్యాల్లో రాసి ఉంది. కొంరవ్వ చెప్పిందే. కానీ లెటర్‌హెడ్డు మీద ఉంది.

"అయితే వెంటనే నియమించండి," అన్నాడు డైరెక్టరు.

"పోస్టులు రద్దయినయ్ సాబ్," అన్నాడు ఖాజా సాబ్. "రద్దయినవి మళ్ల తేవాలంటే పైకి రాయాలె. పైన నియామకాల మీద నిషేధమున్నది. డెప్యుటేషన్ అయితే మనిష్టం."

పక్క జిల్లా క్షేత్రం నుంచి ఒక పోతుతీగ కుండీలో, జీపులో, డెప్యుటేషన్ మీద వచ్చింది. డ్రైవరు దాని జాయినింగ్ రిపోర్టు దాఖలు చేశాడు. పందిరికి ఆ కొసన దానికి ఒక పలక, హాజరుపట్టీలో ఒక వరస కేటాయించారు. మర్నాడు పదిన్నరకు ఆఫీసు తెరిచారు. పదకొండుకు డైరెక్టరు, వెనక ఫొటోగ్రాఫరు, పువ్వు కోసం చేయి చాచారు. పువ్వు వాడి వేలాడుతోంది.

"అది పొద్దుగూకినంక విచ్చుకుంటది సారూ," అంది కొంరవ్వ. "ఎండ తాకితే వాడిపోతది. పొద్దుపొడవక ముందే తెంపి అంటియ్యాలె."

"ఆఫీసు వేళలు పదిన్నర నుంచి ఐదు," అన్నాడు డైరెక్టరు. "దానికి తెలియజేయలేదా?"

తెలియజేశారు. మెమో ఇచ్చారు. పదిరోజులు వరసగా హాజరుపట్టీలో దాని పేరు పక్కన "ఆలస్యం" అని ఎర్ర ఇంకుతో పడింది. కొత్త సారు వేళలు పెట్టకముందులా పొద్దున్నే గేటు తెరిస్తే సరిపోతుంది గదా అని కొంరవ్వ అంటే, ఓవర్‌టైముకు అనుమతి లేదన్నారు. ఓవర్‌టైము వద్దు, ఊరికే చేస్తానంటే, ఊరికే పని చేయించుకోవడం కార్మికచట్టానికి విరుద్ధమన్నారు. పదకొండో రోజున ఆ తీగను "క్షేత్ర క్రమశిక్షణకు అనుగుణముగా నడుచుకొనలేదు" అన్న వ్యాఖ్యతో మాతృసంస్థకు తిప్పిపంపారు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ప్రభంజన్ రావు తన రూలును తానే సవరించాడు. మూడేళ్లు కాదు, ఒక్క సీజను చాలు. ఈ నెలాఖరులోగా ఒక్క కాయైనా కాయని ప్రతి తీగనూ గడ్డతో సహా తొలగించాలి. అంటే ఆరువందలూ. మళ్లీ నోటీసులు టైపయ్యాయి. ఈసారి తీగలు నిద్రలో లేవు కాబట్టి బాధ్యత మరింత ఎక్కువని అందులో రాశారు.

కొంరవ్వ ఆ సాయంత్రం ఇంటికి పోయి దడి ముందు కూర్చుంది. అరవై పోతుతీగలూ దడి కనబడకుండా కమ్ముకుని, ఒక్కటొక్కటే పూలు విప్పుతున్నాయి. కాయ కాయని తీగలు ఎందుకు పెంచుతున్నావే అని వాడకట్టంతా నవ్వుతూనే ఉంది. అక్కడ ఆరువందల తీగలు ఉరికంబం ఎక్కబోతుంటే ఇక్కడ ఇవి ఎవరి కోసం పూస్తున్నట్టు? ఆమెకు కోపమొచ్చింది. భయం కన్నా కోపం ఎక్కువైనప్పుడు కొంరవ్వ మంచిదే అనుకుంటుంది, ఎందుకంటే అప్పుడు కాళ్లు వాటంతటవే నడుస్తాయి.

మర్నాడు కోడి కూయకముందే ఒడినిండా పోతుపూలు నింపుకుని బయలుదేరింది. గేటు తాళం వేసి ఉంది. ముళ్లకంచెలో మేక దూరే సందు ఉంది, నోటీసులు తిన్న మేకదే. ఆ సందులోంచి దూరింది. ఒక పువ్వు తీసి, రేకలు వెనక్కి మడిచి, నాలుగు పెంటిపూలకు తాకించింది. ఇంకోటి. ఇంకోటి. సూర్యుడు పందిరి ఎక్కేలోపు బయటపడి, పదిన్నరకు గేటులోంచి మామూలుగా వచ్చి హాజరు వేయించుకుంది.

ఆరోరోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించుకుని క్వార్టర్సుకు వెళ్తున్న ఖాజా సాబ్ ఆమెను చూశాడు.

"ఏం జేస్తున్నవ్ కొంరవ్వా?"

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు పుప్పొడితో పచ్చగా ఉన్నాయి. "దుమ్ము దులుపుతున్న సాబ్."

ఖాజా సాబ్ పువ్వును చూశాడు, ఒడిని చూశాడు, తర్వాత తన గడియారం చూసుకున్నాడు. "ఆఫీసు టైముకు ముందు నేను చూసింది, చూసినట్టు కాదు," అని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా బుడిపెలు ఊరాయి. పదిరోజులకు కాయలు వేలాడాయి. ముళ్లముళ్లుగా, లేతాకుపచ్చగా, పందిరి వంగేటన్ని. నెలాఖరుకు ఒక్క తీగ పక్కన కూడా సున్న లేదు. తొలగింపు భయమే తీగల్లో చైతన్యం తెచ్చిందని ప్రభంజన్ రావు నలభై పేజీల నివేదిక రాశాడు. దానికి "పోతురహిత సాగు" అని పేరు పెట్టాడు. రాష్ట్రంలోని బోడకాకర క్షేత్రాలన్నిటికీ సర్క్యులరు పోయింది. ఎక్కడెక్కడి పోతుతీగలకూ నోటీసులు అంటుకున్నాయి. డెప్యుటేషన్ మీద వచ్చిపోయిన తీగకు కూడా.

అవార్డు సభ క్షేత్రంలోనే జరిగింది. పైనుంచి పెద్దలు వచ్చారు, శాలువాలు కప్పుకున్నారు. భోజనాల్లో బోడకాకర వేపుడు. దాన్ని తరిగింది కొంరవ్వ. చప్పట్ల మధ్య ఖాజా సాబ్ వంటపందిట్లోకి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "చెప్పేస్తవా?"

"చెప్తే ఏమైతది సాబ్?"

"గడ్డలు ధ్వంసమైనయని వేలిముద్ర ఏసినవ్. దొంగతనం కేసైతది."

"చెప్పకుంటే?"

"అవార్డయితది. ఆయనకు."

కొంరవ్వ ఇంకో కాయ కోసింది. ఆమెకు కావలసింది అవార్డు కాదు, ఫైలు మీద సంతకం. పంట బాగా వచ్చింది కదా, ఇక పెడతాడు కదా అనుకుంది.

వారం తర్వాత ఆయన సంతకం పెట్టాడు. కానీ వేరే కాగితం మీద. తీగల విషయంలో నెగ్గిన పద్ధతిని సిబ్బందికి కూడా వర్తింపజేశాడన్నమాట. ఎవరు ఎన్ని కిలోలు కోశారో వాళ్ల పేరు పక్కన రాశారు. కోతకూలీల పేర్ల పక్కన వందల కిలోలు. కొంరవ్వ కోత మనిషి కాదు, ఆమె పేరు పక్కన సున్న.

నోటీసు ఖాజా సాబ్ చదివి వినిపించాడు. "తమరు గత ఇరువది రెండు సంవత్సరములుగా క్షేత్రపు హాజరు, నీడ, మంచినీటి సౌకర్యములను అనుభవించుచు..." అక్కడ ఆయన చదవడం ఆపాడు. మిగతాది ఇద్దరికీ నోటికి వచ్చిందే.

కొంరవ్వకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవడం ఆమెకు ఇష్టం లేదు, అయినా వచ్చింది. పైటచెంగుతో ముఖం తుడుచుకుంది.

"జవాబు ఏం రాయమంటవ్?" అన్నాడు ఖాజా సాబ్ కలం తీసి.

"పోతుతీగలు ఏం జవాబిచ్చినయ్ సాబ్?"

"అవేం ఇయ్యలే."

"గదే రాయుండ్రి."

నోటీసు అడుగున "చదివి వినిపించితిని" అన్న మాట కింద ఖాళీ ఉంది. ఖాజా సాబ్ ఆ ఖాళీని కాసేపు చూసి, సంతకం పెట్టకుండానే కలం మూత బిగించి, కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. పదహారో రోజున కొంరవ్వ గేటు బయటికి నడిచింది.

ప్రభంజన్ రావుకు ప్రమోషన్ వచ్చింది. తేనె బోర్డుకు వెళ్లాడు. అక్కడ పోతు తేనెటీగలు పువ్వు మీద వాలవని, తేనె తేవని, ఊరికే తిని కూర్చుంటాయని మొదటి వారంలోనే కనిపెట్టాడట. గుండ్లసాగరానికి కొత్త డైరెక్టరు దొరికేదాకా బాధ్యతలు ఖాజా సాబ్‌కు అప్పగించారు.

మళ్లీ వానలు పడ్డాయి. పూలు పూశాయి, బుడిపెలు రాలాయి. రాష్ట్రంలో అన్ని క్షేత్రాల్లోనూ అదే చిటచిట. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. మిగిలిన పోతుతీగ ఒక్కటంటే ఒక్కటి ఎక్కడా లేదు, ఒక్క దడి మీద తప్ప.

ఒక తెల్లారుజామున కొంరవ్వ ఇంటి ముందు జీపు ఆగింది. ఖాజా సాబ్ దిగాడు, చంకలో రెండు ఫైళ్లు. దడి మీద పచ్చగా విచ్చుకున్న పూలను చూస్తూ నిలబడ్డాడు.

"గడ్డలు పట్టుకపోనీకె వచ్చిండ్రా సాబ్?" అంది కొంరవ్వ. దడికి అడ్డంగా నిలబడింది.

"కాదు. రూలు చెప్పనీకె వచ్చిన." ఆయన మొదటి ఫైలు తెరిచాడు. "ఈ అరవై తీగల నోటీసులు ముట్టినట్టు నువ్వు వేలిముద్రలేసినవ్. దినకూలీకి ఇంకొకరి తరఫున సంతకం పెట్టే అధికారం లేదు. కాబట్టి నోటీసు చెల్లది. నోటీసు చెల్లకుంటే తొలగింపు చెల్లది. ఇవి ఒక్కరోజు కూడా సర్వీసు నుంచి పోలే. డ్యూటీ మీదున్నయ్."

"డ్యూటీ మీద నా దడికున్నయా?"

"ఎక్కడున్నయన్నది రూలు అడగది." రెండో ఫైలు తెరిచాడు. కొంరవ్వ ఆ ఫైలు గుర్తుపట్టింది. అట్ట మీద టీకప్పు మరక గుండ్రంగా ఉంది. "నీ నోటీసు చదివి వినిపించినట్టు నేను సంతకం పెట్టలే. అది కూడా చెల్లది. పర్మినెంటు ఆర్డరు మీద డైరెక్టరు సంతకం కావాలె. డైరెక్టరు ఇప్పుడు నేనే."

కొంరవ్వ వెంటనే చేయి చాచలేదు. "ముందు వాటి అరవై ఆర్డర్లు ఇయ్యుండ్రి సాబ్. అరవై ఒకటోది నాది."

ఖాజా సాబ్ జీపు బానెట్టు మీద కాగితాలు పెట్టి అరవైసార్లు సంతకం పెట్టాడు. తెల్లవారిపోతోంది. కొంరవ్వ ఆగలేక ఈలోపు పూలు తెంపి ఒడిలో వేసుకుంటోంది, ఆరువందల పెంటితీగలు అక్కడ ఎదురుచూస్తున్నాయి మరి.

ఖాజా సాబ్ అరవై ఒకటోదాని మీద కూడా సంతకం పెట్టాడు. "నీ డ్యూటీ టైము ఏం రాయాలె? పదిన్నరే ఉన్నది రూల్ల."

"పువ్వు ఒప్పదు సాబ్."

 ముప్ఫై ఏళ్ల సర్వీసులో మొదటిసారి, ఆయన ఏ రూలూ చూడకుండా, "పువ్వును బట్టి" అని రాశాడు. "దిగుబడి" అన్న గడి దగ్గర ఆగాడు.

"సున్న రాయుండ్రి," అంది కొంరవ్వ. "నిజమే గద."

సున్న రాశాడు. వేలిముద్ర కోసం ఇంకుప్యాడు తీసి మూత తెరిచేలోపే కొంరవ్వ ఒడిలోంచి చేయి తీసి కాగితం మీద బొటనవేలు నొక్కేసింది. పుప్పొడి ముద్ర పచ్చగా, గీత గీతా కనబడేలా పడింది. ఖాజా సాబ్ దాన్ని వెలుగుకు పెట్టి చూసి, ఇంకుప్యాడు మూత బిగించి జేబులో వేసుకున్నాడు. "ఎక్కు, ఆలస్యమైతున్నది," అన్నాడు.